దూలం ఎందుకు కుంగుతుంది?

రచన: హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.టెక్. (స్ట్రక్చరల్ ఇంజనీరింగ్)

'మొక్కై వంగనిది మానై వంగునా' అనే సామెత మనం చిన్నప్పటి నుంచి వింటున్నదే. పెద్దలు అది మనుషుల గురించి చెప్పారు. కట్టె విషయానికి వస్తే మాత్రం మాను కూడా వంగుతుంది. బాగా ఎండిన, చేవ ఉన్న టేకు దూలమైనా సరే, దాని మీద ఎప్పుడూ బరువు ఉంటే ఏళ్లు గడిచే కొద్దీ కొంచెం కొంచెంగా వంగుతూనే ఉంటుంది. ఆ బరువు ఒక్క కిలో కూడా పెరగనక్కరలేదు. కాలం గడిస్తే చాలు.

ఇంజనీరింగ్‌లో దీన్ని 'క్రీప్' అంటారు. పాకడం అని ఆ మాటకు అర్థం. కంటికి కనపడనంత నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి ఆ పేరు పెట్టారు. మన హాస్టల్లో చదువుకునే వాళ్లలో చాలామంది ఇళ్లు మట్టి మిద్దెలో, పెంకుటిళ్లో, కట్టె మీద వేసిన రేకుల ఇళ్లో. మనం ఇక్కడ స్లాబు కింద పడుకున్నా, మన అమ్మానాన్నలు ఆ దూలాల కిందే పడుకుంటున్నారు. అందుకని ఏ వంపు మామూలుది, ఏ వంపు ప్రమాదకరమైనది అన్న సంగతి మనకు తెలిసి ఉండాలి. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

రెండు రకాల వంపు

ఇంటర్ ఫిజిక్స్‌లో హుక్ నియమం చదువుకున్నాం. స్థితిస్థాపక అవధి లోపల ప్రతిబలం వికృతికి అనులోమానుపాతంలో ఉంటుంది. బరువు పెడితే వంగుతుంది, తీస్తే మళ్లీ మామూలు స్థితికి వస్తుంది. ఈ నియమంలో కాలం ప్రసక్తి లేదు. నిమిషం పెట్టినా, సంవత్సరం పెట్టినా అంతే వంపు అన్నట్టుగా ఉంటుంది.

కట్టె ఈ నియమాన్ని కొంతవరకే పాటిస్తుంది. గదిలో పుస్తకాలు పెట్టుకునే చెక్క అరను గమనించండి. పుస్తకాలు పేర్చిన రోజు చెక్క కొద్దిగా వంగుతుంది. అది హుక్ చెప్పిన వంపు. రెండు మూడేళ్ల తర్వాత చూస్తే అదే పుస్తకాల బరువుకు అది ఇంకా వంగి ఉంటుంది. ఇప్పుడు పుస్తకాలన్నీ తీసేయండి. చెక్క కొంత పైకి లేస్తుంది, కొన్ని రోజులకు ఇంకొంత లేస్తుంది, కానీ పూర్తిగా తిన్నగా కాదు. కాలం వల్ల వచ్చిన వంపులో కొంత భాగం శాశ్వతంగా మిగిలిపోతుంది.

ఈ సంగతి విలుకాళ్లకు ఎప్పుడో తెలుసు. పని లేనప్పుడు విల్లు నారి దించి పెట్టేవారు. యుద్ధం వచ్చినప్పుడే ఎక్కుపెట్టేవారు. ఎప్పుడూ ఎక్కుపెట్టి ఉంచితే కట్టె ఆ వంపుకే అలవాటు పడి, బాణాన్ని విసిరే శక్తి తగ్గిపోతుంది. పాపం, ఇంటి దూలానికి నారి దించే రోజంటూ ఉండదు. ఇల్లు కట్టిన నాటి నుంచి పగలూ రాత్రీ మోస్తూనే ఉంటుంది.

కట్టె లోపల ఏం జరుగుతుంది?

కట్టెను సూక్ష్మదర్శినిలో చూస్తే సన్నని గొట్టాల కట్టలా కనిపిస్తుంది. ఆ గొట్టాల గోడల్లో ముఖ్యంగా మూడు పదార్థాలు ఉంటాయి: సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్. సెల్యులోజ్ పొడవైన దారాల లాంటిది. కట్టె బరువులో సుమారు 40 నుంచి 50 శాతం ఇదే. మిగిలిన రెండూ ఆ దారాలను కలిపి పట్టుకునే బంక లాంటివి. స్లాబుతో పోలిస్తే సెల్యులోజ్ ఇనుప కడ్డీలైతే, లిగ్నిన్, హెమిసెల్యులోజ్ కాంక్రీటు అనుకోవచ్చు.

దారాలు గట్టివే. కానీ బంక పూర్తిగా గట్టి పదార్థం కాదు. ఎక్కువ కాలం లాగుతూ ఉంటే అది చాలా చిక్కటి ద్రవంలా అతి నెమ్మదిగా జరుగుతుంది. అణువుల మధ్య ఉన్న హైడ్రోజన్ బంధాలు ఒక చోట తెగి, పక్క చోట మళ్లీ కుదురుకుంటాయి. ఒక్కో బంధం జరిగే దూరం ఎంతో చిన్నది. కోట్ల బంధాలు, పదుల ఏళ్లు కలిస్తే సెంటీమీటర్లు అవుతాయి. స్థితిస్థాపకత, స్నిగ్ధత రెండూ కలిసి ఉన్న ఇలాంటి పదార్థాలను విస్కోఎలాస్టిక్ పదార్థాలు అంటారు.

నులక మంచం తీసుకోండి. కొత్తగా అల్లినప్పుడు బిగుతుగా ఉంటుంది. రోజూ పడుకుంటుంటే కుంగుతుంది. నులక తెగలేదు, పురులు ఒకదాని మీద ఒకటి జారి సర్దుకున్నాయి, అంతే. తేడా ఏమిటంటే నులకను మళ్లీ బిగించుకోవచ్చు, దూలాన్ని బిగించలేం.

క్రీప్‌లో మూడు దశలు

బరువు పెట్టిన దూలం వంపును రోజూ కొలిచి గ్రాఫు గీస్తే మూడు దశలు కనిపిస్తాయి.

మొదటి దశలో వంపు పెరుగుతుంది గానీ, పెరిగే వేగం రోజురోజుకూ తగ్గుతుంది. మొదటి నెలలో పెరిగినంత రెండో నెలలో పెరగదు. రెండో దశలో వంపు ఒకే నిదానమైన వేగంతో సాగుతుంది. మూడో దశలో వేగం మళ్లీ పెరగడం మొదలవుతుంది. ఆ దశ చివర దూలం విరుగుతుంది.

మనం గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం ఇది. దూలం బలంతో పోలిస్తే బరువు తక్కువగా ఉంటే అది మొదటి రెండు దశల్లోనే తరాలపాటు ఉండిపోతుంది. తాతల నాటి ఇళ్లలో దూలాలు వంగి కూడా ఇంకా నిలబడి ఉండడానికి కారణం ఇదే. బరువు మరీ ఎక్కువైతే మూడో దశ త్వరగా వస్తుంది. కాబట్టి దూలం వంగిందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. వంగే వేగం తగ్గుతోందా, పెరుగుతోందా అన్నదే అసలు ప్రశ్న.

బలం కూడా తగ్గుతుంది

కాలం వల్ల వంపే కాదు, మోసే శక్తి కూడా మారుతుంది. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్ శాస్త్రవేత్త బ్యూఫాన్ ఓక్ దూలాల మీద బరువులు పెట్టి పరీక్షించాడు. వెంటనే విరగ్గొట్టే బరువు కంటే తక్కువ బరువు పెట్టి చాలాకాలం వదిలేసినా కొన్ని దూలాలు విరిగిపోవడం గమనించాడు. అందువల్ల కట్టడాల్లో దూలం మీద విరిగే బరువులో సగానికి మించి పెట్టరాదని చెప్పాడు.

దీన్ని లెక్కగా తేల్చినది అమెరికాలోని మాడిసన్ నగరంలో ఉన్న ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లేబొరేటరీ. అక్కడ పనిచేసిన లైమన్ వుడ్ 1951లో ప్రకటించిన వక్రరేఖను 'మాడిసన్ కర్వ్' అంటారు. డగ్లస్ ఫర్ అనే కట్టె ముక్కల మీద చేసిన పరీక్షలు దీనికి ఆధారం. దాని సారాంశం: కొద్ది నిమిషాల పరీక్షలో కట్టె 100 కిలోలకు విరిగితే, 10 ఏళ్లపాటు ఆగకుండా మోయవలసి వచ్చినప్పుడు సుమారు 62 కిలోలే దాని హద్దు.

మన దేశంలో కట్టె కట్టడాలకు ఉన్న ప్రమాణం ఐ.ఎస్. 883. దాని 1994 ముద్రణలో కూడా ఈ సూత్రమే ఉంది. ఎప్పుడూ ఉండే బరువుకు గుణకం 1 అయితే, కొద్దిసేపు వీచే గాలికి, భూకంపానికి 1.33, ఒక్కసారిగా తగిలే దెబ్బకు 2. అంటే ఒకే దూలం క్షణంపాటు మోయగలిగిన దానిలో సగమే జీవితాంతం మోయడానికి అనుమతిస్తారు. ఈ ప్రమాణాన్ని 2016లో సవరించారు.

ఇల్లు కట్టేటప్పుడు నలుగురు ఎక్కి ఊగి చూసి 'దూలం గట్టిదే' అంటుంటారు. ఆ పరీక్ష ఆ నిమిషానికి మాత్రమే సరిపోతుంది. ముప్పై ఏళ్ల బరువు గురించి అది ఏమీ చెప్పదు.

తడి, పొడి: అసలు శత్రువు

పచ్చికట్టె ఎండిన కట్టె కంటే ఎక్కువ కుంగుతుందని వడ్రంగులందరికీ తెలుసు. అప్పుడే కొట్టిన మానులో నీరు బాగా ఉంటుంది. ఆరుతూ ఆరుతూ తేమ సుమారు 30 శాతానికి దిగినప్పటి నుంచి కట్టె ముడుచుకోవడం, గట్టిపడడం మొదలవుతుంది. అందుకే దూలానికి ఆరబెట్టిన కట్టె వాడాలి.

కానీ ఇంతకంటే వింత సంగతి ఒకటి ఉంది. 1960లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఆర్మ్‌స్ట్రాంగ్, కింగ్‌స్టన్ 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. బరువు మోస్తున్న కట్టెలో తేమ మారితే, ఒకే తేమలో ఉన్న కట్టె కంటే చాలా ఎక్కువ వంగుతుందని వారు చూపించారు. ఎప్పుడూ తడిగా ఉన్న కట్టె కంటే కూడా తడుస్తూ ఆరుతూ ఉండే కట్టే ఎక్కువ నష్టపోతుంది. దీన్ని 'మెకానో సార్ప్టివ్' క్రీప్ అంటారు. నీటి అణువులు లోపలికి వస్తూ పోతూ ఉన్నప్పుడు హైడ్రోజన్ బంధాలు ఎక్కువగా తెగి మళ్లీ కుదురుకుంటాయి. పైన బరువు ఉంది కాబట్టి కుదురుకునేటప్పుడు వంగిన స్థితిలోనే కుదురుకుంటాయి.

ఇందులో ఇంకో విశేషం ఉంది. వానాకాలంలోనే దూలం దిగుతుందని మన ఊళ్లలో అనుకుంటారు. మట్టి తడిసి బరువెక్కుతుంది కాబట్టి అది నిజమే. కానీ కట్టెకు మొదటిసారి తడిసినప్పుడు, ఆ తర్వాత ఆరిన ప్రతిసారీ వంపు పెరుగుతుందని పరీక్షలు చెబుతున్నాయి. అంటే వానలు వెలిసిపోయాయి, ఇక భయం లేదు అనుకునే ఎండల రోజుల్లో కూడా కారిన దూలం కుంగుతుంది. ఏటా ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూసే మన ఇళ్లకు ఇది బాగా వర్తిస్తుంది.

మన మట్టి మిద్దె లెక్క

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేను. కాలేజీలో మేం చదివే లెక్కలు ఎక్కువగా స్టీలు, కాంక్రీటు గురించే. కానీ సెలవులకు వెళ్లినప్పుడు మా నాయన అడిగిన ప్రశ్న దూలం గురించి. "పైన మిద్దె అదే, దూలం అదే, ఏటేటా దిగుతా ఉంది ఎందుకురా?" అన్నాడు. జవాబు లెక్కగా చెప్పాలని కూర్చున్నాను. కింద ఇచ్చినది సులువుగా ఉండడానికి అంకెలు సరిచేసి తీసుకున్న ఉదాహరణ.

దూలం పొడవు గోడకూ గోడకూ మధ్య 4 మీటర్లు. వెడల్పు 15 సెంటీమీటర్లు, లోతు 20 సెంటీమీటర్లు. దూలానికీ దూలానికీ మధ్య దూరం ఒకటిన్నర మీటరు. పైన దంతెలు, కట్టెలు, వాటి మీద 25 సెంటీమీటర్ల మట్టి. మట్టి ఘనపు మీటరుకు 1,600 కిలోలు అనుకుంటే చదరపు మీటరుకు 400 కిలోలు పడుతుంది. ఒక్కో దూలం మోసే జాగా 6 చదరపు మీటర్లు. అంటే దంతెలు, కట్టెల బరువు వదిలేసినా ఒక్క దూలం మీదే 2,400 కిలోలు. 24 క్వింటాళ్లు! యంగ్ గుణకం చదరపు మిల్లీమీటరుకు 10,000 న్యూటన్లు అని తీసుకుని సూత్రంలో వేస్తే, మట్టి పోసిన రోజే దూలం మధ్యలో 2 సెంటీమీటర్లు వంగుతుంది.

ఇక కాలం సంగతి. యూరప్ దేశాల ప్రమాణమైన యూరోకోడ్ 5 ప్రకారం, ఎప్పుడూ ఉండే బరువుకు మొదటి వంపు మీద క్రీప్ వల్ల ఇంకెంత కలుస్తుందో చెప్పే గుణకాలు ఉన్నాయి. పొడిగా ఉండే ఇంటి లోపల 0.6, కప్పు కింద ఉన్నా తేమ తగిలే చోట 0.8, తడిసే చోట 2. వీటితో లెక్కిస్తే మన దూలం చివరికి 3.2 సెంటీమీటర్లు, 3.6 సెంటీమీటర్లు, లేదా 6 సెంటీమీటర్లు వంగుతుంది. అదే దూలం, అదే బరువు. మిద్దె కారకుండా ఉంటే ఒక లెక్క, కారితే దాదాపు రెట్టింపు లెక్క.

మరి 'మిద్దె అదే' అన్న మాట నిజమేనా? మన వైపు వానలకు ముందు మిద్దె మీద చౌడు పోస్తారు. చౌడు తడిస్తే బిగుసుకుని నీళ్లు దిగనివ్వదు, అది మంచి పద్ధతే. కానీ పాతది గీకేయకుండా కొత్తది పోస్తూ పోతే? వానకు కొట్టుకుపోయింది పోగా ఏడాదికి ఒక్క సెంటీమీటరు నిలిచినా పదేళ్లకు 10 సెంటీమీటర్లు. చదరపు మీటరుకు 400 కిలోలు కాస్తా 560 అవుతుంది. 24 క్వింటాళ్ల చోట 33 క్వింటాళ్లు దాటుతుంది. మొదటి వంపు 2.8 సెంటీమీటర్లు, క్రీప్ కలిస్తే 5 సెంటీమీటర్లు. బరువు పెరగడం లేదని మనం అనుకుంటున్నాం గానీ, తట్టల కొద్దీ మనమే మోసి పోస్తున్నాం.

ఇంకొక సంగతి. ఐ.ఎస్. 883 ప్రకారం మామూలు దూలం వంపు పొడవులో 240వ వంతుకు మించరాదు. 4 మీటర్లకు అది సుమారు 1.7 సెంటీమీటర్లు. మన ఉదాహరణ దూలం మొదటి రోజే ఆ హద్దు దాటింది. అదే వెడల్పుతో లోతు 20కి బదులు 25 సెంటీమీటర్లు ఉంటే వంపు దాదాపు సగానికి తగ్గి 1 సెంటీమీటరు అవుతుంది. వంపు లోతు ఘనానికి విలోమంగా మారుతుంది కాబట్టి ఇంత తేడా. అందుకే అనుభవం ఉన్న వడ్రంగి దూలాన్ని ఎప్పుడూ నిలువుగానే వాడతాడు, పడుకోబెట్టి వాడడు.

ఏం చూడాలి? ఏం చేయాలి?

1. దూలం రెండు చివరలకూ అడుగున ఒక దారం బిగించి కట్టండి. మధ్యలో దూలం దారం కంటే ఎంత కిందికి ఉందో స్కేలుతో కొలవండి. దారం వదులుగా ఉండకూడదు. దూలం దారానికి తగిలేట్టుంటే రెండు చివరలా ఒకే మందం ఉన్న చెక్కముక్కలు పెట్టి, ఆ మందం లెక్కలో చూసుకోండి. కొలతనూ తేదీనీ గోడ మీద రాసి పెట్టండి. కొన్ని మానులు పుట్టుకతోనే వంకరగా ఉంటాయి కాబట్టి ఒక్క కొలతతో ఏమీ తేలదు. వానల తర్వాత ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి కొలిచి, ఏటికేడు పెరుగుదల తగ్గుతోందో పెరుగుతోందో చూడండి.

2. దూలం అడుగు వైపు మధ్యభాగం చూడండి. నిలువుగా, కట్టె పొడవునా ఉన్న సన్నని పగుళ్లు ఆరడం వల్ల వస్తాయి, వాటికి అంతగా భయపడనక్కరలేదు. అడ్డంగా పగులు కనపడినా, ఈనెలు లేచి చీలినా, రాత్రిళ్లు పటపటమని చప్పుడు వస్తున్నా అది మూడో దశ గుర్తు. ఆ గదిలో పడుకోవడం వెంటనే మానేయాలి, మేస్త్రీని పిలిచి ఆధారం పెట్టించాలి.

3. గోడలో దిగిన దూలం చివరలను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగితే పుచ్చో, చెదలో పట్టినట్టు. అది క్రీప్ కాదు, కట్టె పోవడమే. మధ్యలో బాగున్నంత మాత్రాన నమ్మరాదు.

4. కొత్త చౌడు పోసే ముందు పాత పొర గీకి దించండి. డబ్బు ఖర్చు లేని వైద్యం ఇదొక్కటే. కారే చోటును ఆ ఏడే మూయండి.

5. వంగిన దూలం కింద మధ్యలో గుంజ నిలబెట్టడం పాత పద్ధతే, మంచి పద్ధతే. పొడవు రెట్టింపయితే వంపు 16 రెట్లవుతుంది. అలాగే మధ్యలో గుంజ పెట్టి పొడవును సగం చేస్తే ఆపైన వచ్చే వంపు చాలా తగ్గిపోతుంది. గుంజ కింద గట్టి బండ ఉండాలి. దూలాన్ని బలవంతంగా తిన్నగా ఎత్తడానికి మాత్రం ప్రయత్నించకండి. ఏళ్ల తరబడి వంగి కుదురుకున్న కట్టె ఒక్కసారి ఎత్తితే పగిలే ప్రమాదం ఉంది. ఉన్న చోటే ఆనించి, చెక్క ముక్కలతో బిగిస్తే చాలు.

మిత్రులారా, క్రీప్ కట్టెకే పరిమితం కాదు. మనం పడుకున్న ఈ హాస్టల్ స్లాబు కాంక్రీటుకూ క్రీప్ ఉంది, దాన్ని లెక్కలోకి తీసుకునే డిజైన్ చేస్తారు. తేడా అల్లా, స్లాబుకు లెక్క వేసే ఇంజనీరు ఉన్నాడు. ఊళ్లో మట్టి మిద్దెకు ఎవరూ లేరు. ఆ లెక్కకు కావలసిన ఫిజిక్స్ ఇంటర్ పుస్తకంలోనే ఉంది, కావలసిన పనిముట్లు ఒక దారం, ఒక స్కేలు. వచ్చే సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మొదటి కొలత మీరే తీసి గోడ మీద రాయండి. ఇంట్లో చదువుకోని పెద్దలకు కూడా చూపించి, ఎలా కొలవాలో చెప్పి రండి. మీరు ఊళ్లో లేనప్పుడు చూసుకోవలసింది వాళ్లే.